ముఖం మీద మచ్చలు తగ్గుతున్నాయో లేదో తెలియాలంటే ఫొటోలు ఎలా తీసుకోవాలి?

మీరు కొన్ని వారాలుగా ముఖానికి మందు రాస్తూ రోజూ సెల్ఫీ తీసుకుంటున్నానని, ఒకరోజు మచ్చలు తగ్గినట్టు, మరునాడే పెరిగినట్టు కనిపిస్తున్నాయని, ఏ ఫొటోను నమ్మాలని అడిగారు. రెండింటినీ నమ్మనక్కరలేదు. ఒక్క రాత్రిలో మచ్చ మారదు. మారింది మీ గదిలోని వెలుతురు, దాన్ని చూసి ఫోను వేసుకున్న లెక్క. కావలిలో మా నాన్నగారు పెట్టిన ఫొటో స్టూడియోను ఇప్పుడు నేను నడుపుతున్నాను. మనుషుల ముఖాల మీద పడే వెలుతురును సరిచేయడమే నా జీవనాధారం కనుక ఈ విషయంలో కొంత గట్టిగానే మాట్లాడతాను.

ఫోను ముందు కెమెరాతో ఈ పని కాదు. ముఖం కనబడగానే చర్మాన్ని నున్నగా చేసే ఏర్పాటు చాలా ఫోన్లలో మనం అడగకుండానే మొదలై ఉంటుంది. పైగా చేతి దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై, చెంపలు వెనక్కి పోయి, చెంప అంచున ఉన్న మచ్చ సగమే కనిపిస్తుంది. కొన్ని ఫోన్లు అద్దంలో చూపినట్టు కుడిఎడమలను తారుమారు చేసి దాచుకుంటాయి, కొన్ని సరిచేసి దాచుకుంటాయి. రెండు నెలల తర్వాత ఏ చెంప ఏదో మీకే తెలియదు. ఇవి చాలవన్నట్టు, మీరు ఎర్ర చీర కట్టుకున్నారా, తెల్ల చొక్కా తొడుక్కున్నారా అన్నదాన్ని బట్టి కూడా ఫోను రంగును, వెలుగును మార్చుకుంటుంది. వడ్ల కాటాను రోజుకొక రకంగా సవరించి బస్తాలు తూచితే వచ్చే లెక్క ఎలాంటిదో, రోజువారీ సెల్ఫీలతో వచ్చే లెక్క కూడా అలాంటిదే.

నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం మా చెల్లెలు. వాళ్లది సింగరాయకొండ దగ్గర రొయ్యల గుంటల వ్యవసాయం. రెండో కాన్పు తర్వాత ఆమెకు రెండు చెంపల మీద, పై పెదవి మీద మంగు వచ్చింది. పొద్దున మేత వేసే వేళ నుంచి ఎండలో, గుంట నీళ్ల తళతళకు ఎదురుగా నిలబడే మనిషికి మంగు అంత తేలికగా వదలదు. ఎవరో చెప్పారని మందుల షాపులో చీటీ లేకుండా ఒక ట్యూబు కొని రాయడం మొదలుపెట్టింది. అప్పుడప్పుడు నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపేది. ఒకటి వాకిట్లో పొద్దుటి వెలుతురులో తీసినది, ఒకటి రాత్రి ట్యూబులైటు కింద తీసినది, అన్నీ ముందు కెమెరాతోనే. వాటిని వరుసగా చూస్తే మంగు మాయమైపోతున్నట్టే ఉంది. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు చూస్తే, నీడలో కూర్చున్నా ఆమె చెంపలు ఎర్రగా కమిలినట్టు ఉన్నాయి. అడిగితే ఎండకు అలా అయిందని అన్నది.

మా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే మూల ఒకటి ఉంది. స్టూలు కాళ్లు ఎక్కడ ఆనాలో నేల మీద నల్ల టేపు అంటించి ఉంటుంది. రెండు పక్కలా గొడుగు లైట్లు ఉంటాయి. వాటిని ఎంత బలం మీద వెలిగించాలో స్టాండు మీదే మార్కరుతో రాసి పెట్టాను. కెమెరా ట్రైపాడ్ మీద ఒకే ఎత్తులో ఉంటుంది. ట్యూబు మొదలుపెట్టక ముందు బ్యాంకు పని కోసం ఆమెకు అదే స్టూలు మీద పాస్‌పోర్టు ఫొటో తీశాను, దాని దిద్దని ఫైలు కంప్యూటరులో ఉండనే ఉంది. ఆరోజు మళ్లీ అక్కడే కూర్చోబెట్టి, ముఖం కడిగించి, కాసేపు ఆగి ఫొటో తీశాను. రెండూ తెర మీద పక్కపక్కన పెట్టి పెద్దవి చేశాను. గోధుమరంగు మచ్చ తగ్గిన మాట నిజమే. కానీ దాని స్థానంలో చెంపలంతా, గడ్డం దాకా ఎరుపు పరుచుకుని ఉంది. ముక్కు పక్కన సన్నని ఎర్ర దారాల్లాంటి రక్తనాళాలు పైకి తేలాయి. దవడ అంచున ఇంతకుముందు లేని నూగు వెంట్రుకలు నల్లగా కనబడ్డాయి. "అన్నా, ఫోన్లో చూస్తే తగ్గినట్టే ఉండాదే, నీ కెమెరాలోనే ఎందుకిట్టా కనపడతా ఉండాది?" అని ఆమె తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది.

నెల్లూరులో చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ రెండు ఫొటోలను అచ్చు వేసి తీసుకుపోయాం. ఆమె వాటిని చూడగానే అడిగిన మొదటి మాట "ఆ ట్యూబు తెచ్చారా?" అన్నదే. ట్యూబు వెనుక ఉన్న చిన్న అక్షరాల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ అని ఉన్నాయి. మూడోది స్టెరాయిడ్. ఈ కలయికను వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడితే మంగుకు మందే. అడిగేవారు లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, రక్తనాళాలు బయటపడి, వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మంట, ఎరుపు ఎగదన్నుతాయి కాబట్టి జనం భయపడి మళ్లీ రాస్తారు. 2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చి, చీటీ లేకుండా అమ్మరాదన్నది. అయినా మా చెల్లెలికి ఆ ట్యూబును ఎవరూ ఏమీ అడగకుండా చేతిలో పెట్టారు. ఈ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో ట్యూబు మానిన తర్వాత నిజంగానే ఎరుపు పెరిగింది, ముఖం భగభగమన్నది. ఆ సమయంలో నెలనెలా అదే టేపు గుర్తు మీద కూర్చోబెట్టి తీసిన ఫొటోలే ఆమెను నిలబెట్టాయి. రోజూ అద్దంలో చూసుకునే ఆమెకు ఏ మార్పూ తెలిసేది కాదు. తెర మీద పక్కపక్కన పెడితే ఎరుపు గడ్డం నుంచి వెనక్కి తగ్గడం, తర్వాత చెంపల మీద విడివిడిగా చీలడం స్పష్టంగా కనిపించేది. ఆ ఫొటోలు లేకపోతే ఆమె మళ్లీ ఆ ట్యూబు పట్టుకునేదని నాకు అనుమానం లేదు. మంగు కొంత తిరిగి వచ్చింది, అది ఎండతో వచ్చిపోయే గుణమున్న మచ్చ. ఇప్పుడు సన్‌స్క్రీను, డాక్టరుగారు రాసిన మందుతో నెమ్మదిగా తగ్గుతోంది.

ఇక మీ ఇంట్లో ఎలా తీయాలన్నది. ఉత్తరపు కిటికీ దగ్గర తీయమని ఎక్కడ చూసినా రాస్తుంటారు. చలి దేశాల్లో ఆ కిటికీలోకి నేరుగా ఎండ రాదు కనుక వారికి ఆ సలహా సరిపోతుంది. నెల్లూరు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కొంచెం పైన ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మనకు నడినెత్తిన ఉండవలసిన సూర్యుడు మధ్యాహ్నం కూడా కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. రోహిణి కార్తెలో ఉత్తరపు కిటికీ దగ్గర తీసిన ముఖం వేరు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ముసురులో అదే కిటికీ దగ్గర తీసిన ముఖం వేరు. మన జిల్లాకు వానలు ఎక్కువగా పడేది ఆ నెలల్లోనే. వేసవిలో మొదలుపెట్టి వానల్లో ముగించే ఫొటోల వరుసను కిటికీకి అప్పగించడం నాకు ఇష్టం లేదు.

కనుక రాత్రిపూట, కిటికీలు మూసి, ఒకే ఎల్‌ఈడీ దీపాల జతతో తీయండి. దొరికితే రంగులను సరిగా చూపే సూచిక, అంటే సీఆర్ఐ, 90కి పైన ఉన్న బల్బులు కొనండి. చౌక బల్బుల కింద ఎరుపు సరిగా కనబడదు, చర్మం విషయంలో మనకు కావలసింది ఆ ఎరుపే. మంగు, నల్లమచ్చలు ఉన్నవారు రెండు పక్కల నుంచి సమానంగా వెలుగు పడేలా పెట్టుకోవాలి. మొటిమల గుంటలు ఉన్నవారికి అది పనికిరాదు. ఎదురు వెలుగులో గుంట నీడ పడదు, గుంట పూడినట్టే ఉంటుంది. వారు ఒక పక్క దీపం ఆర్పి, రెండో దీపంతో ఏటవాలుగా వెలుగు పడేలా చేసి మరొక ఫొటో తీసుకోవాలి. గోడ రంగు కూడా చెంప మీదకు తిరిగి పడుతుంది. మన ఇళ్లలో ఉండే ఆకుపచ్చ, నీలం గోడల ముందు కూర్చోకుండా వెనుక తెల్ల పంచె వేలాడదీయండి, అయితే ఆ పంచెకు నీలిమందు పెట్టకూడదు.

ఫోను వెనుక కెమెరా వాడండి, రెండింతల జూమ్ పెట్టి మీటరుకు పైగా దూరం నుంచి తీయండి. ఇంట్లో ఒకరు నొక్కినా సరే, టైమరు పెట్టినా సరే. అంకెలను మనమే పెట్టుకోనిచ్చే ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ (వెలుగును పట్టే సున్నితత్వం), షటర్ (వెలుగును లోపలికి రానిచ్చే సమయం), వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సవరణ) అంకెలను ఒకసారి నిర్ణయించి కాగితం మీద రాసుకుని ప్రతిసారీ అవే పెట్టండి. ఆ మోడ్ లేకపోతే తెర మీద ముఖాన్ని నొక్కి పట్టుకుంటే వెలుగు, ఫోకస్ లాక్ అవుతాయి. కెమెరా సామాన్లు అమ్మే షాపులో బూడిదరంగు కార్డు దొరుకుతుంది, దాన్ని గడ్డం కింద పట్టుకుని తీస్తే రంగు తప్పిందో లేదో తర్వాతైనా తెలుస్తుంది. చర్మం రంగును నమ్మకంగా చూపడం మొదటి నుంచీ కష్టమైన పనే. 1868లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి వారు చర్మవ్యాధుల ఫొటోలను ప్రచురించినప్పుడు, నలుపు తెలుపుల్లో ఎరుపు ఏదో తెలియదు కనుక వాటికి చేతితో రంగులు అద్దించారు. ఒక చికిత్స నడుస్తుండగా ఫోను మార్చవద్దు, మార్చినా ఫొటోల కోసం పాత ఫోనే ఉంచుకోండి.

ముఖం సంగతికి వస్తే, కడిగిన తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగాలి, తుడిచిన ఎరుపు పోవాలి. మన ఆడవాళ్లు శుక్రవారం పసుపు రాసుకుంటారు. ఎంత కడిగినా ఆ పచ్చదనం మరునాటికీ ఉంటుంది. అందుకని గురువారం రాత్రి తీసుకోండి. బొట్టు స్టిక్కరు తీసేయండి. స్టిక్కరు జిగురు వల్ల కొందరికి నుదుట తెల్ల మచ్చ వస్తుంది; అది మొదట్లో కనబడేది ఇలాంటి ఫొటోలోనే. జుట్టు వెనక్కి కట్టి, నవ్వకుండా, ఎదురుగా ఒకటి, కుడికి సగం తిరిగి ఒకటి, ఎడమకు సగం తిరిగి ఒకటి తీయండి. తిరిగేటప్పుడు మెడ ఒక్కటే తిప్పకుండా స్టూలు మీద మనిషే తిరగాలి. తేదీ, కుడి, ఎడమ అని రాసిన చిన్న కాగితం భుజం దగ్గర కనబడేలా ఉంచితే తారుమారు కాదు.

రోజూ తీయడం మానేయండి. పైచర్మం కొత్తది కావడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మొటిమల మందు పనిచేసిందా లేదా అని డాక్టర్లు సాధారణంగా 8 నుంచి 12 వారాల తర్వాతే నిర్ణయిస్తారు. నెలకొకసారి చాలు. నెలసరికి ముందు మొటిమలు పెరుగుతాయి కనుక ఆడపిల్లలు క్యాలెండరు తేదీని బట్టి కాకుండా నెలసరి లెక్కను బట్టి ఒకే రోజున తీసుకోవడం మంచిది. పోల్చేటప్పుడు ముఖాన్ని మొత్తంగా చూసి బాగుంది, బాగాలేదు అనుకోవద్దు. మంగు తీవ్రతను లెక్కకట్టే మాసీ పద్ధతిలో డాక్టర్లు నుదుటికి 30 శాతం, ఒక్కొక్క చెంపకు 30 శాతం, గడ్డానికి 10 శాతం భాగమిచ్చి, ఎంత మేర పరుచుకుంది, ఎంత నల్లగా ఉంది అని విడివిడిగా చూస్తారు. మీరూ ఒక్కొక్క భాగాన్ని పాత ఫొటోలోని అదే భాగం పక్కన పెట్టి చూడండి.

ప్రకటనల్లో వచ్చే 'ముందు, తర్వాత' ఫొటోలతో మీ ఫొటోలను పోల్చుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ముందు ఫొటోలో పై నుంచి వెలుగు, ముడుచుకున్న ముఖం. తర్వాతి ఫొటోలో ఎదురుగా మెత్తని వెలుగు, నవ్వు, దువ్విన జుట్టు. మందు ఒక చుక్క రాయకుండా అలాంటి జతను నేను మా స్టూడియోలో పది నిమిషాల్లో తీసి ఇవ్వగలను. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చే పిల్లలు "అన్నా, కొంచెం తెల్లగా చెయ్యి" అని అడిగినప్పుడు నాకు బాధ కలుగుతుంది. వారి వయసుకు వారి చర్మం చక్కగా ఉంటుంది, వారి కళ్లు మాత్రం ఫోను చూపించే నునుపుకు అలవాటు పడిపోయాయి.

తీసిన ఫొటోలను డాక్టరుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా పంపితే కుదించుకుపోయి సన్నని వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపండి. ఒక్కొక్క నెలకు ఒక ఫోల్డరు పెట్టి, మూడు ఫొటోలతో పాటు ఆ నెలలో ముఖానికి రాసిన ప్రతి ట్యూబు వెనుక వైపును కూడా, అక్షరాలు చదవగలిగేలా ఫొటో తీసి అందులోనే ఉంచండి.