పన్నెండేళ్లు కదలని 1972 బుల్లెట్‌ని ఎక్కడ మొదలుపెట్టి బాగుచేయించాలి?

చెన్నై పెరంబూరులో మెట్ల కింద పన్నెండేళ్లుగా పడి ఉన్న నాన్నగారి 1972 బుల్లెట్ 350ని మెకానిక్ మొత్తం విప్పేసి, కొత్త పెయింటు, కొత్త క్రోమ్ కొట్టి షోరూమ్ బండి చేసిస్తానంటున్నాడు, సరే అననా అని అడిగారు. అప్పుడే అనకండి. పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. తిరువొత్తియూరులోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో వేసిన పెయింటు గీకేస్తే మళ్లీ రాదు.

ముందు కిక్ కొట్టడం మానండి. చెన్నై ఉప్పుగాలికి సిలిండర్ గోడ తుప్పు పట్టి పిస్టన్ రింగులు అతుక్కుని ఉంటాయి. బలంగా తొక్కితే రింగన్నా విరుగుతుంది, కిక్ రాచెట్ పళ్లన్నా పోతాయి. ప్లగ్ విప్పి, ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి ఆ రంధ్రంలో ఓ 50 మి.లీ. పోసి మూడు నాలుగు రోజులు వదిలేయండి. ఆ తర్వాత టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించండి. కదలకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగండి, తొందరేం లేదు.

ఈలోగా పాత ఆయిల్ తీసేయండి. ఇన్నాళ్లు నిలబడ్డ బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ పంపు గుండా జారి క్రాంక్‌కేసులో (ఇంజన్ అడుగు గదిలో) చేరిపోతుంది. ఆయిల్ ట్యాంకు డ్రెయిన్ ఒక్కటే విప్పితే సగం పనే అయినట్టు. క్రాంక్‌కేసు డ్రెయిన్ కూడా విప్పాలి. లేదంటే స్టార్టయిన నిమిషానికే ఇంజన్ గాలి వదిలే బ్రీదర్ గొట్టంలోంచి నల్లటి నూనె నేలంతా పారుతుంది. ఫెల్ట్ ఫిల్టర్ ఎలాగూ మార్చాల్సిందే.

ఎక్కువ బళ్లు నిజానికి పానాల దగ్గరే పాడవుతాయి. ఈ ఇంజన్ మరలు పాత ఇంగ్లీషు కొలతలవి, మెట్రిక్ కాదు. 14 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది, తిప్పాక నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. విట్‌వర్త్ (ఆ ఇంగ్లీషు కొలతల) పానాల సెట్ ఉన్న మెకానిక్‌నే వెతకండి. థ్రెడ్ పోయిన చోట మెట్రిక్ ట్యాప్ (మరచుట్లు కోసే పనిముట్టు) దించనివ్వొద్దు, అదే సైజు ఇన్సర్ట్ (లోపల దించే కొత్త మరచుట్టు) వేయమనండి. టైమింగ్ కవర్ లోపల క్రాంక్ చివరన ఉండే వర్మ్ నట్‌ది ఎడమ చుట్టు, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. తెలియని చెయ్యి దాన్ని విప్పుతున్నానుకుంటూ బిగిస్తూ పోతుంది.

బ్యారెల్ (సిలిండర్) తీయగానే ‘బోర్ చేయిద్దాం సార్’ అంటారు, అంటే లోపలి గోడ కోసి వెడల్పు చేయడం. కొలవకుండా పంపొద్దు. గోరుకి తగిలే గీతలు లేకుండా, పైనా కిందా కొలత ఒకేలా వస్తే హోనింగ్ (లోపలి గోడని సన్నగా రుద్దడం), కొత్త రింగులు చాలు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌ని నిలువుగా పట్టి పైకీ కిందకీ లాగి చూడండి. కొంచెం ఆడినా బిగ్ ఎండ్ (రాడ్ కింది బేరింగు) పోయినట్టే. పక్కలకి కాస్త ఆడితే ఫరవాలేదు.

బిగించాక ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని నెట్టే పుష్‌రాడ్ల బిగువు, సరిచేయాలి. ఇంజన్ చల్లగా ఉండగా, కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసుకుని ఉండగా) పిస్టన్ పైకొచ్చినప్పుడు పుష్‌రాడ్ రెండు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఇంకా బిగిస్తే వాల్వు సరిగా మూసుకోక కాలిపోతుంది. పాయింట్ల (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్టుల) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఆ నిప్పురవ్వ పడే టైమింగుకి సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి, పిస్టన్‌ని మెల్లగా పైకి తెస్తూ కాగితాన్ని సున్నితంగా లాగుతూ ఉండండి. కాగితం జారిన క్షణాన పిస్టన్ పైకొసకి 0.8 మి.మీ. దిగువన ఉండాలి, వేగాన్ని బట్టి టైమింగు ముందుకి జరిపే ఆటో అడ్వాన్స్ బరువులు ముడుచుకుని ఉన్న స్థితిలో. 20డబ్ల్యూ50 ఆయిల్ పోసి స్టార్ట్ చేయగానే హెడ్ దగ్గర, వాల్వుల పైనుండే రాకర్లకి ఆయిల్ తెచ్చే పైపు బోల్టు కాస్త వదులు చేసి చూడండి. నిమిషంలో నూనె చెమ్మ రాకపోతే ఆపేయండి, పంపు చూడాలి.

బండి సరిగ్గా నడిచాకే పెయింటు సంగతి. సీటు కింద, ట్యాంకు అడుగున అసలు రంగు బయటపడుతుంది. ట్యాంకు గీతలు చేత్తో కుంచెతో వేసినవి కాబట్టి బటర్ పేపర్ మీద అచ్చు తీసుకుని దాచండి. పాత పెయింటు కాస్త వెలిసినా పట్టుకునే ఉంటే పాలిష్ చేసి అలాగే ఉంచమనే నా సలహా. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు పెన్సిల్ రుద్ది కాగితం మీద తీసుకోండి. పౌడర్ కోటింగ్‌కి ఇస్తే ఆ చోట్లు టేపు వేసి కప్పించాలి, లేకపోతే అంకెలు పూడిపోయి ఆర్టీఓ దగ్గర తిప్పలు. యాభై ఏళ్లు దాటిన బళ్లకి 2021 నిబంధనల ప్రకారం ‘వీఏ’ (వింటేజ్ బళ్ల) నంబరు తీసుకోవచ్చు. ఛాసిస్, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి వెళ్లడం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకే.

స్పేర్లు కొత్తవైతే జీపీ రోడ్డు, పాత అసలువైతే పుదుపేట. పాత ముక్క చేతిలో పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసి కొనండి. కొత్తది మెరుస్తోందని పాత ముక్క అక్కడే వదిలేశారో, రేపు దాన్నే కొనుక్కోవడానికి మళ్లీ మీరే వెళతారు.

ఇంకొకటి: ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు గొట్టాలు అందులో మెత్తబడిపోతాయి, ఇథనాల్‌కి తట్టుకునేవే వేయించండి. నెలల తరబడి తీయకుండా పెట్టేటట్టయితే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టండి.