ఫ్రాన్స్ ఓడని నార్వే వాళ్ళు పాడుచేశారా?

"ఎస్.ఎస్. ఫ్రాన్స్ లాంటి గొప్ప ఓడని నార్వే వాళ్ళు కొని, క్రూజ్ షిప్‌గా మార్చి పాడుచేశారంటారు, నిజమేనా?" అని అడిగారు. మాది విశాఖపట్నం, మర్చంట్ నేవీలో ఇంజినీర్‌ని, స్టీమ్ ఓడల మీద కూడా పనిచేశాను. నా దృష్టిలో అది నిజం కాదు. ఆ ఓడకి ఇంకో ఇరవై మూడేళ్ళ ఆయుష్షు పోసింది వాళ్ళే. చివరికి అది చచ్చిపోయింది కూడా క్రూజ్ షిప్‌గా ఉండగానే, కానీ దానికి కారణం జనం అనుకునేది కాదు.

ఫ్రాన్స్‌లోని సాఁ నజేర్‌లో కట్టి, 1960 మే 11న అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్ ఎదుట నీళ్ళలోకి దించారు. 1962 ఫిబ్రవరిలో న్యూయార్క్‌కి తొలి ప్రయాణం. పొడవు 316 మీటర్లు. క్వీన్ మేరీ 2 వచ్చేదాకా అంత పొడవైన ప్రయాణికుల ఓడ ఇంకోటి లేదు. మోనాలిసా చిత్రాన్ని 1962 డిసెంబరులో అమెరికాకి పంపింది ఇందులోనే. జనం దాని విలాసమైన హాళ్ళు, భోజనాల గురించే చెప్పుకుంటారు. మాలాంటి వాళ్ళం చూసేది కింద ఉన్న, ఆవిరి పుట్టించే ఎనిమిది బాయిలర్లు, నాలుగు ప్రొపెల్లర్లు. 30 నాట్లు (గంటకి సుమారు 55 కి.మీ.) దాటి పరిగెత్తడానికి అవన్నీ కావాలి. ఓడ వేగం రెండింతలు చేయాలంటే శక్తి దాదాపు ఎనిమిదింతలు కావాలి. ఆ లెక్కే దాన్ని తినేసింది. అప్పటికే జెట్ విమానాలు అట్లాంటిక్‌ని కొన్ని గంటల్లో దాటేస్తున్నాయి. ఓడ నడిచింది ప్రభుత్వం ఇచ్చే సొమ్ముతో. 1973లో చమురు ధర పెరిగింది, 1974లో ప్రభుత్వం చేతులెత్తేసింది. సెప్టెంబరులో సిబ్బంది ఫ్రాన్స్‌లోని ల హావ్ర్ రేవు ముఖద్వారం దగ్గర ఓడని ఆపేసి తిరగబడ్డారు. అయినా ఫలితం లేక, ఓడ ఏళ్ళ తరబడి కట్టేసే ఉండిపోయింది.

1977లో అక్రమ్ ఒజ్జెహ్ అనే సౌదీ వ్యాపారి కొన్నాడు గానీ అనుకున్నదేదీ జరగలేదు. 1979లో నార్వేకి చెందిన క్రూజ్ ఓడల యజమాని క్లూస్టర్ 1.8 కోట్ల డాలర్లకి తీసుకుని, జర్మనీలోని బ్రెమర్‌హావెన్ యార్డుకి పంపాడు. అక్కడ ముందరి ఇంజిన్ రూమ్ మూసేసి, రెండు ప్రొపెల్లర్లు పీకేశారు. చలి సముద్రం కోసం కట్టిన ఓడ కాబట్టి, కరీబియన్ ఎండకి సరిపోయేలా డెక్కులు తెరిచారు. రేవుల్లోకి పట్టదు కాబట్టి జనాన్ని ఒడ్డుకి చేర్చడానికి రెండు పెద్ద పడవల్ని మీదే పెట్టుకున్నారు. పేరు 'నార్వే', రంగు నీలం. సముద్రంలో తిరగడమే వినోదమైనప్పుడు పరుగెందుకు? ఆ ప్రశ్న వేసుకున్న మొదటి యజమాని క్లూస్టరే. నాకు అతనంటే చాలా గౌరవం.

అసలు తప్పు జరిగింది, నా ఉద్దేశంలో, బాయిలర్లని అలాగే ఉంచేయడంలో. చల్లారిన బాయిలర్‌ని లేపడం ఎలాగో చెప్తాను. డ్రమ్ (బాయిలర్ పైన నీళ్ళూ ఆవిరీ ఉండే తొట్టి) మీది ఎయిర్ కాక్, అంటే గాలి పోయే చిన్న కుళాయి, తెరిచి ఉంచి, చిన్న మంట కాసేపు పెట్టి, ఆపి, మళ్ళీ పెడతాం. కాక్‌లోంచి గాలి పోయి ఆవిరి నిలకడగా వచ్చాకే మూస్తాం. ఇనుము అంతటా సమంగా వేడెక్కాలి, గంటల పని. సెయిలింగ్ టైమ్ దగ్గర పడుతుంటే పైనుంచి తొందరపెట్టే ఫోన్లు నేనూ ఎత్తాను. లైనర్‌గా, అంటే జనాన్ని సముద్రం దాటించే ఓడగా ఉన్నప్పుడు, బాయిలర్లు రోజుల తరబడి ఒకే తీరున మండేవి. క్రూజుల్లో అలా కుదరదు. ఆపడం, లేపడం ఎక్కువైన కొద్దీ అతుకుల దగ్గర సన్నని పగుళ్ళు పడతాయి. 2003 మే 25న మయామీలో కట్టేసి ఉండగా ఒక బాయిలర్ పేలి ఎనిమిది మంది సిబ్బంది చనిపోయారు. ఆ పగుళ్ళూ, వాటిని సరిగా పట్టించుకోని నిర్వహణా కారణమని అమెరికా దర్యాప్తు తేల్చింది. పైన డాన్స్ హాలు మార్చారా, కొత్త డెక్కులు వేసి అందం చెడగొట్టారా అన్నది దీని ముందు నాకు చిన్న విషయం.

తర్వాత ముక్కలు చేయడానికి అమ్మేస్తే బంగ్లాదేశ్ వద్దనడం, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ వెయ్యి టన్నులకి పైగా ఉందంటూ మన సుప్రీంకోర్టులో కేసు. 'బ్లూ లేడీ' పేరుతో 2006 ఆగస్టు 15న గుజరాత్‌లో ఓడల్ని విరగ్గొట్టే అలంగ్ తీరానికి ఎక్కించారు. 2007లో ఒక పాత కార్గో షిప్‌ని అక్కడ ఎక్కించే పనికి నేనూ వెళ్ళాను. పెద్ద పోటు చూసుకుని ఫుల్ అహెడ్‌లో (పూర్తి వేగంతో ముందుకి) బురద మీదికి తోలతాం. అడుగు రాసుకునేటప్పుడు కాళ్ళ కింద ప్లేట్లు గడగడా కొట్టుకుంటాయి. మా ఓడ కనీసం తన ఇంజిన్‌తో తానొచ్చింది. 'బ్లూ లేడీ'ని టగ్గులు (లాగే చిన్న ఓడలు) లాక్కొచ్చాయి. దూరం నుంచి చూసినా ఆ రెక్కల చిమ్నీలని గుర్తుపట్టాను. పొగని డెక్కు మీద పడకుండా పక్కలకి తోసేయడానికి పెట్టిన రెక్కలవి.

పోల్చి చూడాలంటే క్యూఈ2 (క్వీన్ ఎలిజబెత్ 2 అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడ) ఉంది. అదీ స్టీమ్ ఓడగానే మొదలైంది. 1986-87లో, అదే బ్రెమర్‌హావెన్ యార్డులో, బాయిలర్లూ టర్బైన్లూ తీసేసి డీజిల్ ఇంజిన్లు పెట్టారు. 2008 దాకా తిరిగింది. ఇప్పుడు దుబాయ్ పోర్ట్ రషీద్‌లో హోటల్. అక్కడున్న మనవాళ్ళు ఒక సాయంత్రం వెళ్ళి చూసి రావచ్చు.