చెన్నై వెళ్లే ముందు తిరుపతిలోనే తేలవలసినవి

ప్రశ్న: తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ పదేళ్లుగా పాటలు రాసి, బాణీలు కట్టుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి ఎవరి వాద్యం వింటూ పెరిగానో ఆ పెద్దల చేతనే నాలుగు పాటలకు వాయింపించుకోవాలని నా కోరిక. వీణ, వేణువు, తబలా వాయించే ముగ్గురు పెద్దలు ఒప్పుకొన్నారు. ముగ్గురూ డెబ్బై దాటినవారే. ఒక గాయకుణ్ని, ఒక గాయనిని వెంటబెట్టుకుని కారులో చెన్నై వెళ్తున్నాను. స్టూడియో ఒక్కరోజుకే దొరికింది. ఏమేం సిద్ధం చేసుకోవాలి? అంతటి వారికి ఇలా వాయించండి అని నేను చెప్పవచ్చునా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. తప్పక చెప్పాలి. మీరు భక్తితో చేతులు కట్టుకుని నిలబడి, అంతా మీ దయ అంటే వారికి ఇబ్బందే తప్ప సంతోషం కలగదు. ఒకే గదిలో పాతిక ముప్పై మంది కూర్చుని, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించవలసిన రోజుల్లో పని నేర్చుకున్న తరం వారిది. పల్లవి ఎన్ని ఆవర్తాలు (తాళం ఎన్ని చుట్లు), చరణానికి ముందు వాద్య భాగం ఎంత, పాట ఎక్కడ ఆగుతుంది అన్న లెక్క మీ దగ్గర ఉందా లేదా అన్నది వారు మొదటి పది నిమిషాల్లోనే కనిపెడతారు. లెక్క ఉందని నమ్మకం కుదిరితే, ఆ తరువాత వారే మీరు అడగనివి కూడా ఇస్తారు.

అన్నిటికన్నా ముందు శ్రుతి, అంటే పాటకు ఆధారమైన ‘స’ ఏ ఎత్తులో ఉండాలన్నది, తేల్చుకోండి. మగ గొంతుకు ఒకటి, ఒకటిన్నర, ఆడ గొంతుకు ఐదు, ఐదున్నర అంటూ మనం చెప్పుకునే లెక్కలో ఒకటి అంటే కీబోర్డు మీద సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు అంటే జి. ఇది అందరికీ తెలిసినదే అయినా నేనే ఒకసారి బోర్లా పడ్డాను. ఇంట్లో కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట అర శ్రుతి పైకి జరిగి ఉన్న సంగతి చూసుకోకుండా, సి నొక్కుతున్నాను గదా అని వీణ విద్వాంసురాలికి ఒకటి అని ఫోనులో చెప్పాను. స్టూడియోలో నా ట్రాక్ వినిపించగానే ఆమె నా ముఖం వంక ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా తీగల బిరడలు బిగించడం మొదలుపెట్టారు. సారణి తీగ తెగింది. కొత్త తీగ వేసి, అది సాగడం ఆగి నిలకడకు వచ్చేసరికి గంటకు పైగా పోయింది, ఆ గంట అద్దె నాదే. వేణువు వాయించేవారు వేరే శ్రుతి వేణువును సంచిలోంచి తీసుకుంటారు; వీణకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ప్రతి పాటకూ శ్రుతిని ట్యూనర్ మీద సరిచూసి, కనీసం వారం ముందు ఆ పెద్దలకు తెలియజేయండి. నాలుగు పాటలనూ శ్రుతి వారీగా వరుస పెట్టుకుంటే వీణను మాటిమాటికీ మార్చే పని తప్పుతుంది.

తరువాత మీ గాయకుల చేత తిరుపతిలోనే, క్లిక్ (లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ శబ్దం) పెట్టుకుని, తంబుర శ్రుతితో ట్రాక్ పాడించండి. లయ నిమిషానికి ఎన్ని దెబ్బలో కాగితం మీద రాసి ఉంచండి. ఫైళ్లన్నీ ఒకే బిందువు నుంచి మొదలయ్యేలా తీయించండి. లేకపోతే అక్కడి ఇంజనీరు వాటిని ఒకదానికొకటి అతికించడానికే పూట గడిచిపోతుంది. స్వరాలు రాసి, ప్రతి స్వరం కింద సాహిత్యం రాయడం మరవకండి. వాయించేవారిలో తమిళులు ఉంటే పాటను ఒకసారి చదివి అర్థం చెప్పండి. మాట ఎక్కడ విరుగుతుందో తెలిసిన వేణువుకూ, తెలియని వేణువుకూ ఊపిరి తీసుకునే చోటే తేడా వస్తుంది.

ముగ్గురినీ విడివిడిగా రప్పించి ఒకరి తరువాత ఒకరిని రికార్డు చేయమని మీకు సలహా ఇచ్చేవారు ఉంటారు. శబ్దం శుభ్రంగా ఉంటుందన్న మాట నిజమే. అయినా నా మాట వింటే, కనీసం రెండు పాటలకు ముగ్గురినీ ఒకేసారి, మీ గాయకుల గొంతు చెవిలో పెట్టి వాయింపించండి. ఒకరినొకరు చూసుకుంటూ వాయించడానికే గదా మీరు ఇంత దూరం వెళ్తున్నది. రెండో చరణానికి ముందు ఎనిమిది ఆవర్తాలు ఖాళీగా ఉంచి, రాగం, నిడివి మాత్రం చెప్పి ఊరుకోండి. అక్కడ మూడు టేకులు తీసుకుని మూడూ దాచండి. ఏది బాగుందో ఆ సాయంత్రమే తేల్చకండి, చెవి అలసి ఉంటుంది. గాయకుల అసలు గొంతును తిరిగి వచ్చాక తిరుపతిలో తీరికగా తీసుకోవచ్చు.

ప్రయాణం సుమారు 150 కిలోమీటర్లు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లినా, పుత్తూరు దగ్గర తిరిగి నాగలాపురం, ఊతుకోట మీదుగా వెళ్లినా, తెల్లవారుజామున బయలుదేరి నేరుగా స్టూడియోలో దిగుదామనుకోవద్దు. ముందు రోజు సాయంత్రానికే వెళ్లి వడపళని, సాలిగ్రామం ప్రాంతంలో బస చేయండి. మీ వాద్యాలేవైనా వెంట ఉంటే ఎండలో మూసిన కారులో వదలకండి. వీణ మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి, వేడికి మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది. వీణ వాయించేవారికి నేల మీద తివాచీ, మిగిలిన ఇద్దరికి ఎలా కూర్చోవడం సుఖమో ముందే అడిగి ఏర్పాటు చేయించండి. పారితోషికం ఎంత, ఎన్ని గంటలకు అన్నది ఫోనులోనే మాట్లాడుకుని, వారు వాద్యం సర్దుకోకముందే చేతికివ్వండి. బేరం ఆడకండి.

ప్రశ్న: నేనూ అలాగే చెన్నై వాద్యకారులతో ఒక అన్నమయ్య కీర్తనను, అందరికీ తెలిసిన బాణీలోనే రికార్డు చేయించి విడుదల చేయాలనుకుంటున్నాను. ఐదు వందల ఏళ్ల నాటి కీర్తనకు ఎవరి అనుమతీ అక్కరలేదు గదా?
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సాహిత్యానికి అక్కరలేదు. అన్నమయ్య 1408–1503 నడుమ జీవించినవాడు. బాణీ సంగతి వేరు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. మనం వింటున్న బాణీల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. రాళ్లపల్లి వారు 1979లో, నేదునూరి వారు 2014లో కన్నుమూశారు కాబట్టి వారి బాణీల గడువు ఇంకా ఉన్నట్టే. హక్కు కుటుంబానిదా, సంస్థదా, కంపెనీదా అన్నది విచారించి, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. మీరే కొత్త బాణీ కట్టుకుంటే ఈ చిక్కు లేదు.

వాద్యకారులకూ తమ ప్రదర్శన మీద చట్టం హక్కు ఇచ్చింది. అందుచేత పాట పేరు, ఇచ్చిన మొత్తం, ఎక్కడెక్కడ విడుదల చేస్తారు, పేరు ఎలా వేస్తారు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఆ రోజే సంతకాలు తీసుకోండి. కాగితం తెలుగులో ఉండవచ్చు. తెలుగు చదవలేని వాద్యకారుడికి ఆయన చదవగలిగే భాషలో మరో ప్రతి ఇవ్వండి.