చలికాలం టూర్‌లో డబ్బు పోతున్నది షో లేని రోజుల్లో

ప్రశ్న: మాది నలుగురు సభ్యుల చిన్న బ్యాండ్. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. ఏడాదికి ఒకటో రెండో టూర్లు వేస్తాం. నేను డ్రమ్స్ వాయిస్తాను, లెక్కలు చూసేదీ నేనే. కిందటి చలికాలం 30 రోజులకు 18 షోలు ఒప్పుకుంటే మంచు వల్ల రెండు రద్దయ్యాయి. జనం బాగానే వచ్చారు. వచ్చిన ఫీజు ఎప్పటికప్పుడు పంచుకున్నాం. ఇంధనం, హోటళ్లు చాలావరకు నా క్రెడిట్ కార్డు మీద పెట్టాను, ఆ బాకీ ఇంకా తీరలేదు. అడిగితే స్నేహం చెడుతుందేమోనని టెన్షన్. ఈసారీ 30 రోజులు, 18 షోలు, చివరి నాలుగు సరిహద్దు అవతల. వ్యాన్ అద్దె దండగ, అప్పు చేసి సొంతది కొందామంటున్నారు మిగతావాళ్లు. పాటలన్నీ మా గాయని రాస్తుంది, మరి వాటాలు ఎలా వేసుకోవాలి? మా అసలు అంకెలు మాత్రం బయటపెట్టకండి.

జవాబు: మీరు పంపిన పట్టిక మొత్తం చూశాను. అంకెలు బయటపెట్టొద్దన్నారు కాబట్టి మీ సగటు షో ఫీజును 100 అనుకుని మిగతావన్నీ అదే కొలతలోకి మార్చి చెబుతాను. ఇది చదివే ఇంకో బ్యాండ్ ఎక్కడున్నా తమ లెక్క వేసుకోవడానికి కూడా ఇలాగే సులువు.

పట్టికలో షోకి ఒక వరుస చొప్పున రాశారు. ఫీజు 100, అందులో బుకింగ్ ఏజెంట్ కమీషన్ 10. ఆ రోజు ఖర్చులు చూస్తే బస 20, నలుగురి తిండి బత్తా 12, ఇంధనం 14, వ్యాన్ అద్దె 9, కలిపి 55. షోకి 35 మిగులుతోంది. 18 షోలకు 630. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పట్టికలో ఎక్కని రోజులు 12 ఉన్నాయి. ఆ రోజుల్లో షో లేదు గానీ నలుగురూ తిన్నారు, ఎక్కడో పడుకున్నారు, వ్యాన్ అద్దె నడిచింది, తర్వాతి ఊరికి బండి తోలారు. రోజుకు 55 చొప్పున 12 రోజులకు 660. అంటే ఒక్క షో కూడా రద్దవకపోయినా ఫీజుల మీద మీకు 30 నష్టమే. మంచుని అప్పుడే తిట్టకండి.

రద్దయిన రెండు షోలతో 200 పోయింది, వాటి కమీషన్ 20 తప్పింది. నష్టం 210కి చేరింది. మిమ్మల్ని గట్టెక్కించింది టీషర్టులూ రికార్డులూ. తయారీ ఖర్చు, వేదికవాళ్ల కోత పోను షోకి 15 మిగిలింది కాబట్టి 16 షోలకు 240. నెల రోజుల తిరుగుడుకి చివరికి దక్కింది 30. తలా ఏడున్నర!

మరి టూర్ పొడుగునా పంచుకున్న డబ్బెక్కడిది? అది లాభం కాదు, ఖర్చులకు కట్టాల్సిన డబ్బు. దాన్ని జేబుల్లో వేసుకున్నారు, ఖర్చు మీ కార్డు మీదికెక్కింది. అందుకే మిగతా విషయాలకు వెళ్లేముందు ఇది చెప్పాలి. ఆ బాకీ బ్యాండ్‌ది, వడ్డీతో సహా. మీరొక్కరే మోయాల్సిన పని లేదు. కార్డు స్టేట్‌మెంట్లలో టూర్ ఖర్చులను గుర్తుపెట్టి, నాలుగు భాగాలు చేసి, ఈ టూర్ బయల్దేరేలోపే మిగతా ముగ్గురినీ కట్టమనండి. ఒకేసారి కట్టలేమంటే వాయిదాలు ఇవ్వండి, కానీ తేదీలు రాసుకోండి. స్నేహం గురించి భయపడుతున్నారు. నేను చూసినంతవరకు ఇలాంటి చోట పాడు చేసేది అడగడం కాదు. అడగకుండా ఏడాది పాటు లోపల పెట్టుకుని, ఏ అర్ధరాత్రో వ్యాన్‌లో బయటికి కక్కేయడం.

ఇక ముందు మార్చాల్సింది రోజుల సంఖ్య. ఏజెంట్‌తో మాట్లాడి అవే 18 షోలను 25 రోజుల్లో సర్దమనండి. ఐదు రోజుల ఖర్చు, అంటే 275, అక్కడే మిగులుతుంది. కొత్త ఏడాది సందడి అయిపోయాక జనవరి, ఫిబ్రవరిల్లో చాలా వేదికలకు ఖాళీ తేదీలుంటాయి. తేదీలు ముందుకూ వెనక్కూ జరపమని అడగడానికి ఇదే అనువైన కాలం. అప్పుడు టీషర్టులతో కలిపి, అన్ని షోలూ జరిగితే, 515 మిగులుతుంది. రెండు రద్దయినా 305. కిందటేడాది 30తో పోల్చి చూసుకోండి.

మిగిలిన ఏడు ఖాళీ రోజుల్లో రెండింటికి చిన్న షోలు దొరుకుతాయేమో చూడండి. వారం మధ్యలో 60కి ఎవరైనా పిలిస్తే మీవాళ్లు చిన్నతనంగా భావించి వద్దనేస్తారని మీ ఉత్తరంలోనే రాశారు. ఆ రోజు 55 ఎలాగూ ఖర్చవుతోంది. కమీషన్ పోను 54, అమ్మకాల మీద 15 కలిపి 69 కొత్తగా చేతికొస్తుంది. నిండు ఫీజు షోలో మీకు మిగిలేది, అమ్మకాలతో కలిపినా, 50. ఖాళీ రోజున 60 షో మీకు దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. సాయంత్రం షో కుదరకపోతే మధ్యాహ్నం వాయిద్య పాఠాలు, వర్క్‌షాప్ అయినా సరే. ఒక్కటి చూసుకోండి. పెద్ద వేదికల ఒప్పందాల్లో, ఇన్ని కిలోమీటర్ల లోపల ఇన్ని రోజులు ఇంకెక్కడా వాయించకూడదనే షరతు ఉండొచ్చు. దాన్ని చదవకుండా పక్క ఊళ్లో ఒప్పుకుంటే పెద్ద షో పోతుంది. అలాగని ఏడు రోజులూ నింపెయ్యకండి. గాయని గొంతుకీ, బండి తోలేవాళ్లకీ వారానికో రోజు ఉండాల్సిందే. గొంతు పోతే పోయే షోల ముందు ఆ 69 లెక్కలోకి రాదు.

ఇంధనానికి ఈసారి అంచనాలో 12 వేశారు, ఎండాకాలం టూర్ మైలేజీ చూసి. మీ సొంత బిల్లులే 14 అంటున్నాయి. ఇందులో వింతేం లేదు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పెట్రోలు కారు మైలేజీ ఊళ్లో తిరిగేటప్పుడు 25 డిగ్రీల సెల్సియస్‌తో పోలిస్తే మైనస్ 7 డిగ్రీల దగ్గర సుమారు 15 శాతం పడిపోతుంది. మరీ దగ్గర ప్రయాణాలకైతే 24 శాతం దాకా. టైర్లలో గాలి కూడా చలికి తగ్గుతుంది, ప్రతి ఐదారు డిగ్రీలకీ దాదాపు ఒక పీఎస్ఐ. హీటర్ కోసం బండి ఆన్‌లో ఉంచి వేదిక బయట కూర్చునే అరగంటలు వీటికి అదనం. 14 వేయండి.

రద్దయ్యే షోల గురించి. మీరు సంతకం పెట్టిన ఒప్పందాల్లో అడ్వాన్స్ మాటే లేదు. సగం ఫీజు ముందే అడగడం ఈ రంగంలో మామూలు. చిన్న వేదికలు సగం ఇవ్వకపోయినా ఎంతో కొంత ఇస్తాయి. మూడు సంగతులు విడివిడిగా రాయించుకోండి. వేదికవాళ్లు రద్దు చేస్తే అడ్వాన్స్ మీదే. మీరు వేదికకు చేరాక వాతావరణం వల్ల షో ఆగిపోతే పూర్తి ఫీజు. రోడ్లు మూసేసి మీరే చేరలేకపోతే అడ్వాన్స్ తిరిగివ్వడమో, కొత్త తేదీకి మళ్లించడమో. మూడోది మీకు నష్టమే, కానీ న్యాయమైనది. అందుకే వాయించని షో అడ్వాన్స్‌ను ఆదాయంగా లెక్కెయ్యొద్దు, దాంతో కార్డు బాకీ తీర్చొద్దు. షో అయ్యేదాకా ఆ డబ్బు ఇంకొకరిది.

దీనికి తోడు ఒక నిధి కావాలి. రెండు షోల ఫీజు 200, ఎక్కడైనా మంచులో ఇరుక్కుని టూర్ రెండు రోజులు పెరిగితే 110, కలిపి 310. బ్యాండ్ పేరుతో విడిగా ఒక ఖాతా తెరిచి, బయల్దేరేముందే తలా 78 చొప్పున వేయండి. వాడకపోతే తిరిగొచ్చాక ఎవరిది వాళ్లు తీసుకోవచ్చు, వచ్చే టూర్‌కి ఉంచేయవచ్చు. ఈ నిధి అసలు పని ఎప్పుడంటే, వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చినా, ఈ షో పోతే హోటల్‌కి డబ్బుల్లేవు అనుకుని రాత్రిపూట మంచులో బండి తీసే పరిస్థితి వచ్చినప్పుడు. చిన్న బ్యాండ్ల ప్రమాదకరమైన నిర్ణయాలు చాలావరకు ఇలా డబ్బు ఇరుకులో తీసుకున్నవే. పాత బాకీ కట్టి, ఈ 78 కూడా పెట్టడం నలుగురికీ కుదరడం లేదా? అయితే 25 రోజుల టూర్‌కి మీ దగ్గర డబ్బు లేదని అర్థం. దగ్గర ఊళ్లలో పది రోజుల టూర్ వేసుకోండి.

వ్యాన్ కొనొద్దు. మీరు పంపిన కొటేషన్ ప్రకారం నెలసరి వాయిదా, బీమా కలిపి 45. ఏడాదికి 540. అద్దె రోజుకు 9 కాబట్టి ఏడాదికి 60 రోజులు తిరిగితే ఇది అద్దెకు సమానమవుతుంది, అదీ రిపేర్లు, మంచు టైర్లు, బ్యాటరీ కలపకుండా. రెండు టూర్లు వేసినా మీరు తిరిగేది 50 రోజులు. మిగతా రోజులు బండి ఇంటి ముందు నిలబడి వాయిదాలు కట్టించుకుంటుంది. పైగా రుణం ఒకరి పేరు మీదే ఉంటుంది, ఆ ఒకరు ఎవరో మనిద్దరికీ తెలుసు! బ్యాండ్ విడిపోయినా వాయిదా విడిపోదు. అద్దెకు తీసుకునేటప్పుడు కిలోమీటర్ల పరిమితి, మంచు టైర్లకు అదనపు రుసుము, దారిలో ఆగిపోతే బదులు బండి ఇస్తారా అన్నవి అడగండి. బండి తోలే ఇద్దరి పేర్లూ కాగితంలో ఉండాలి. పేరు లేనివాళ్లు నడుపుతూ గుద్దితే బీమా వర్తించకపోవచ్చు.

వాయిద్యాల బీమా మీకు లేదు. ఇంటి బీమాలో వస్తుందనుకున్నట్టున్నారు. డబ్బు తీసుకుని వాయించే వాయిద్యాలకు చాలా ఇంటి పాలసీలు వర్తించవు. వాయిద్యాలకు విడిగా పాలసీ తీసుకున్నా, రాత్రిపూట మనుషుల్లేని బండిలోంచి పోతే డబ్బు చెల్లించబోమనే నిబంధన తరచూ ఉంటుంది. కాబట్టి ఎంత బద్ధకంగా ఉన్నా గిటార్లు గదిలోకి మోయాల్సిందే. చలికి చెక్క పగలకుండా ఉండటానికీ అదే మంచిది. గిటార్లకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు, మంచు రాత్రి బండిలో అది కుదిరే పని కాదు. ఒక గిటార్ మెడ వంగితే అయ్యే రిపేరు కూడా టూర్ ఖర్చే.

వాటాల సంగతి మీరు భయపడినంత చిక్కేమీ కాదు. షో ఫీజు నలుగురూ రోడ్డు మీద పడ్డ కష్టానికి వస్తుంది కాబట్టి సమానంగా పంచుకోండి. పాట రాసినవాళ్లకు వచ్చే ప్రదర్శన రాయల్టీ వేరే దారిలో వస్తుంది. వేదికలు హక్కుల సంఘాలకు లైసెన్స్ రుసుము కడతాయి, ఆ సంఘాలు రచయితలకూ పబ్లిషర్లకూ పంచుతాయి. అమెరికాలో యాస్కాప్, బ్రిటన్‌లో పీఆర్ఎస్ 1914 నుంచీ చేస్తున్న పని ఇదే. మీ గాయని తన దేశంలోని సంఘంలో సభ్యురాలై, ప్రతి షోలో వాయించిన పాటల జాబితాను గడువులోపు పంపాలి. పంపకపోతే ఆమెకు రావాల్సింది రాదు, మీ జేబులో ఎవరికీ ఏమీ మిగలదు. ట్యూన్లలో మీ ముగ్గురి చెయ్యి కూడా ఉంటే ఆ శాతాలు ఇప్పుడే, పాటకు ఇంతని, కాగితం మీద పెట్టుకోండి. లెక్కలు చూస్తూ బండి కూడా తోలే మీకు కొంచెం ఎక్కువ రావాలని నా అభిప్రాయం. మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఇక పంపకం టూర్ అయ్యాకే. దారిలో చేతికిచ్చేది రోజు బత్తా ఒక్కటే.

చివరిగా సరిహద్దు అవతలి నాలుగు షోలు. కళాకారుల విషయంలో చాలా దేశాల పన్ను ఒప్పందాలు, ధనిక దేశాల ఆర్థిక సంఘమైన ఓఈసీడీ తయారుచేసిన నమూనా ఒప్పందంలోని 17వ అధికరణాన్ని అనుసరిస్తాయి. అంటే ఒక్క రాత్రి వాయించినా ఆ ఆదాయం మీద పన్ను వేసే హక్కు ఆ దేశానికి ఉంటుంది. అమెరికాలోనైతే విదేశీ కళాకారుల ఫీజులో, ఖర్చులు తీయకుండా మొత్తం మీద, సాధారణంగా 30 శాతం ముందే పట్టుకుంటారు. కెనడాలో 15. ముందుగా దరఖాస్తు చేస్తే తగ్గించే ఏర్పాట్లుంటాయి, కానీ అవి చివరి వారంలో అయ్యే పనులు కావు. కట్టిన పన్నుకు సర్టిఫికెట్ తీసుకుంటే మీ దేశంలో రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అడగవచ్చు. వాయిద్యాలకు కస్టమ్స్ దగ్గర ఏటీఏ కార్నే అడుగుతారేమో కనుక్కోండి. 1961 నాటి ఒప్పందంతో వచ్చిన పత్రం అది. సామాను తాత్కాలికంగానే తెస్తున్నాం, మళ్లీ తీసుకుపోతాం అని దానర్థం. ఏడాది వరకు చెల్లుతుంది, పూచీకత్తు కట్టాలి. అమ్మకానికి పట్టుకెళ్లే టీషర్టులకు అది పనికిరాదు, వాటిని విడిగా చూపించి సుంకం కట్టాలి.

ఒకవేళ అక్కడ 30 శాతమే పట్టుకుంటే నాలుగు షోలకు 120 మీ చేతికి రాదు, తిరిగొచ్చినా పన్ను లెక్కలు తేలాకే. కాబట్టి పైన చెప్పిన 515లో ఇంటికొచ్చేసరికి ఉండేది 395 అనుకుని ఖర్చు పెట్టండి. తేదీలు సర్దమని ఏజెంట్‌కి ఫోన్ చేసినప్పుడే, ఆ నాలుగు షోల పన్ను కాగితాలు ఎవరు చూస్తున్నారో కూడా అడగండి.