సున్నా వేసిన గడి

అమ్మాయీ,

నీ వ్యాసం మొన్న చేరింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అడవుల ఆర్థికం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. ఇంగ్లిష్‌లో రాస్తేనే లెక్కలోకి వస్తుందని మీ గైడు అన్నాడట. అక్కడా రాయి, తప్పేముంది! ఇక్కడ రాసేది దానికి అనువాదంలా ఉండకపోతే చాలు.

మొదటి పేజీలోనే ‘బాహ్యతల అంతర్గతీకరణ’ దగ్గర ఆగిపోయాను. నలభై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ని, నాకే ఇంగ్లిష్‌లోకి తిప్పుకుంటే గానీ బోధపడలేదు. ఎగువన కొండ మీద చెట్లు కొట్టేస్తే దిగువన చెరువు పూడుతుంది. కలప అమ్ముకున్నవాడు పూడిక తీయించడు, ఆ ఖర్చు ఆయకట్టు రైతు నెత్తిన పడుతుంది. దాన్ని కలప అమ్ముకున్నవాడి లెక్కలోకే తేవాలి. నువ్వు చెప్పదలచుకున్నది ఇదే కదా? ముందు ఇది చెప్పు. పేరు తర్వాత పెట్టుకోవచ్చు.

టేకు లెక్క బాగా పట్టావు గానీ ఫార్ములా రాసి వదిలేశావు. ఎప్పుడో వచ్చే కలప రాబడిని ఇవాళ్టి విలువకు దించి నేలకు ధర కట్టడం జర్మనీలో ఫౌస్ట్‌మన్ అనే అటవీ నిపుణుడు 1849లోనే చూపించాడు. చదివేవాళ్లకు రూపాయలు చూపించు. 60 ఏళ్ల తర్వాత లక్ష పలికే టేకు మాను, ఏడాదికి 5 శాతం చొప్పున వెనక్కి లెక్క కడితే ఇవాళ సుమారు 5,350 రూపాయలు. అదే 10 శాతమైతే 330 కూడా రాదు. మాను మారలేదు, ఆఫీసులో ఎవరో రేటు మార్చారు, అంతే. అడవి ఉండాలా పోవాలా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. నువ్వు ఏ రేటు తీసుకున్నావో రాశావు, ఎందుకు తీసుకున్నావో రాయలేదు.

ఇక అసలు సంగతి. నీ ప్రశ్నావళిలో పదిహేడో ప్రశ్న: ‘ఈ అడవిని కాపాడేందుకు మీ కుటుంబం ఏడాదికి ఎంత చెల్లించగలదు?’

ఇదే ప్రశ్న నేనూ అడిగాను. 1990లలో, అడవిని ఊరివాళ్లతోనే కాపాడించేందుకు వన సంరక్షణ సమితులు కొత్తగా పెడుతున్న రోజుల్లో, ఏజెన్సీలో ఒక ఊళ్లో. ఒకావిడ వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే తునికాకు కట్టలు కడుతోంది. కట్టకు యాభై ఆకులు. పైకి లెక్కపెట్టడం లేదు, వేళ్లకే తెలుస్తోంది, నార చుట్టి పక్కన పడేస్తోంది. నా ప్రశ్న విని తలెత్తకుండానే, ‘‘ఎవరికి కట్టాలె?’’ అంది. నా కాగితంలో దానికి గడి లేదు. ‘‘ఊరికే, ఎంతో ఒకటి చెప్పమ్మా’’ అన్నాను. ‘‘మా అడివికి మేం పైసలు కట్టుడేంది?’’ అంది. నేను సున్నా వేసుకుని పక్కింటికి వెళ్లాను.

ఆ ఊళ్లో చాలా సున్నాలొచ్చాయి. పేదవాళ్లు అడవికి తక్కువ విలువ ఇస్తారని నివేదికలో రాసేశాను. అచ్చయింది కూడా. ఆ వాక్యం కళ్లబడితే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆవిడ నా ప్రశ్నే తప్పంటే, నేను దాన్ని ధర కింద రాసుకున్నాను. అలాంటి సున్నాలను విడిగా తీసి చూడాలని అప్పటికే పుస్తకాల్లో ఉంది. నేను చదవలేదు.

‘ఎంత కడతావు’ అని అడిగామంటే అడవి వేరొకరిదని ముందే తేల్చేసినట్టు. ‘ఎంతిస్తే వదులుకుంటావు’ అంటే నీదేనని ఒప్పుకున్నట్టు. అడవిలో బతికేవాళ్లకు దాని మీద హక్కుందని ఒప్పుకునే అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాక మొదటి ప్రశ్న అడగడం ఇంకా కష్టం. ఒడిశాలో నియమగిరి సంగతి చూడు. బాక్సైట్ గని వస్తే అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందుల హక్కులు, వాళ్ల దేవుడి కొండ ఏమవుతాయో గ్రామసభలే విచారించి చెప్పాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలూ గని వద్దన్నాయి. ఆ జవాబు రాయాలంటే నీ గడిలో ఎన్ని సున్నాలు పడతాయి?

నీ వ్యాసంలో అడవి ధరల పెద్ద పట్టిక తీసెయ్. అడవిని వేరే పనికి తీసుకుంటే కట్టాల్సిన ధర, ‘నికర ప్రస్తుత విలువ’, 2008లో సుప్రీంకోర్టు ఖరారు చేసినప్పుడు అడవి ఏ రకమో, ఎంత దట్టమో బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల దాకా ఉండేదని ఒక్క ముక్కలో చెబితే సరిపోతుంది. మిగిలిన చోటంతా ఆ డబ్బు ఎటు పోతుందో రాయి. అడవి తీసుకున్న సంస్థ కడుతుంది, ప్రత్యామ్నాయ అటవీకరణ నిధిలోకి చేరుతుంది. వాకిట్లో కట్టలు కట్టే ఆవిడ చేతికి నేరుగా ఏమీ రాదు.

పదిహేడో ప్రశ్న తిరగరాసి పంపు. ఎండాకాలం ఆకు మొదలయ్యాక వెళ్దాం, నేనూ వస్తాను. పొద్దున్నే ఎవరూ దొరకరు, ఆకుకు పోతారు. మధ్యాహ్నం కట్టలు కట్టే వేళకు చేరితే మంచిది, చేతులకు పనున్నా నోరు ఖాళీయే. గడుల కాగితం మాత్రం మొదటి రోజు సంచిలోనే ఉండనీ.