తోటలో ఒక్కరే ఉన్నప్పుడు దెబ్బ తగిలితే?

రాయగడ దగ్గర రెండెకరాలు కొన్నానని, ఉద్యోగం మానేసి అక్కడే ఒక్కడినే ఉండబోతున్నానని, దెబ్బ తగిలితే ఎలా అని అడిగారు. నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న కాశీనగర్ వైపు, మా ఆయన పోయాక ఆయన జీడితోటలో ఏడేళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనుక్కోమని అందరూ చెప్తారు. నా దగ్గరా ఉండేది. అవసరమైన రోజున అది ఇంట్లో ఉంది, నేను తోట చివర ఉన్నాను.

మూడేళ్ల కిందట, సాయంత్రం ఐదున్నరకి ఎండు కొమ్మలు నరుకుతున్నాను. చేతులు అప్పటికే పీకేస్తున్నాయి. ఇంకొక్క కొమ్మ కొట్టేసి పోదామనుకున్నాను. గొడ్డలి కణుపు మీద పడి పక్కకు జారి ఎడమ మోకాలి కింద తగిలింది. నొప్పి తెలియలేదు. చెప్పులో ఏదో వెచ్చగా జారుతోందేంటని చూస్తే రక్తం. నెత్తికి చుట్టుకున్న తువ్వాలు తీసి అదిమిపెట్టి చెట్టు కింద కూలబడ్డాను. ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. అరిచాను గానీ, బావి దగ్గర మోటారు మోతలో నా అరుపు నాకే సరిగ్గా వినపడలేదు.

అప్పుడు నేను చేసిన తప్పు, రెండు నిమిషాలకోసారి తువ్వాలు ఎత్తి చూడటం. ఎత్తినప్పుడల్లా గడ్డకడుతున్నది మళ్లీ తెగుతుంది. కనీసం పది నిమిషాలు చూడకుండా గట్టిగా అదిమి ఉంచాలి. గుడ్డ తడిస్తే తీయకుండా పైనే ఇంకోటి వెయ్యాలి.

చివరికి నన్ను కాపాడింది ఆ మోటారే. ఆపే దిక్కు లేక మడి నిండి, గట్టు తెగి, నీళ్లన్నీ దిగువన ఉన్న సవర తాత చేలోకి పోయాయి. ఆయన నన్ను తిట్టడానికే వచ్చాడు. "ఏటమ్మా, మోటారు కట్టీలేదేటి? నా చోడి చేనంతా చెరువైపోనాది!" అంటూ వచ్చినవాడు నా కాలు చూసి ఆగిపోయాడు. మనవడి బండి మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టి తీసుకెళ్లారు. పదకొండు కుట్లు పడ్డాయి.

ఆ నీళ్లు ఇంకో వైపు పోయి ఉంటే మర్నాటి దాకా నన్ను వెతికే మనిషే లేదు. మీరు ముందు చూసుకోవాల్సింది అదే: మీరు కనిపించకపోతే ఎన్ని గంటల్లో, ఎవరికి తెలుస్తుంది?

ఇప్పుడు నేను ఉదయం ఏడులోపు పాలచెంబు గేటుకి తగిలిస్తాను. అది కనపడకపోతే పాలబ్బాయి లోపలికొచ్చి చూడాలి. రాత్రి ఎనిమిదికి పలాసలో ఉన్న మా అక్క కూతురికి మిస్డ్ కాల్ ఇస్తాను. అది రాకపోతే తను తాత ఇంటికి ఫోన్ చేస్తుంది. ఒంటరిగా ఉందామని వచ్చి రోజూ హాజరు వేయించుకోవడమేంటని మొదట్లో నాకూ చిరాకేసింది. ఇంకో మాట, ఊరికే చూసుకోమంటే ఎవరైనా నెల తర్వాత మర్చిపోతారు. తాత చేనుకి నా మోటారు నీళ్లు ఇస్తాను, కాబట్టి ఆయన చూపు ఎప్పుడూ ఇటే ఉంటుంది.

ఫోను నడుముకి కట్టిన సంచిలోనే ఉండాలి. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తుంది. మాకు ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. ఫోను ఒక్కోసారి ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. 108 కొడితే అటువైపు వాళ్లు ఎత్తి ఏ మండలం అని అడుగుతారు. 1936లో మా పర్లాకిమిడి ప్రాంతాన్ని ఒడిశాలో కలిపినవాళ్లకి టవర్ల సంగతి ఏం తెలుసు! అందుకే ఊరు, బ్లాక్, జిల్లా, రోడ్డు గుర్తులు తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన చీటీ ఆ సంచిలోనే పెట్టాను. మాట్లాడలేకపోతే ఇంకెవరైనా చదివి చెప్తారు.

పాముల విషయంలో కట్లపాముతోనే ఎక్కువ జాగ్రత్త. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. కరిస్తే కోయకూడదు, బిగించి కట్టకూడదు, కాలు కదపకుండా ఆసుపత్రికి పోవాలి. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ఇప్పుడే వెళ్లి అడిగి రండి, ఆ రోజు వెతుక్కోవద్దు. ధనుర్వాతం ఇంజక్షన్ వేసుకుని ఐదేళ్లు దాటితే, మట్టి గాయం తగిలినప్పుడు మళ్లీ వేయించుకోవాలి.

చెట్టెక్కడం, బావిలోకి దిగడం పక్కన మనిషి లేకుండా నేను చెయ్యను. ఐదు దాటితే గొడ్డలి ముట్టను.

మీ స్థలానికి దిగువన ఎవరి చేనుందో కనుక్కుని రాయండి.