ప్రజాభిప్రాయ సేకరణ సభను బహిష్కరించాలా?

ప్రశ్న: మా పొలాల మీదుగా కొత్త జాతీయ రహదారి వస్తోంది. పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన ఇచ్చి, 18 రోజులకే సభ పెట్టారు. కలెక్టరేట్‌లో ఇంగ్లిష్ నివేదికే ఉంది. సభకు వెళ్తే ఒప్పుకున్నట్టేనని, బహిష్కరిద్దామని కొందరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బహిష్కరించకండి. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్ ప్రకారం ఈ సభకు కోరం లేదు. పది మందే వచ్చినా జరిగినట్టే లెక్క. అక్కడ ఓటింగూ ఉండదు కాబట్టి వెళ్లినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మీ అభ్యంతరం రికార్డుకెక్కడమే ముఖ్యం.

మీరు చెప్పినదాన్ని బట్టి రెండు లోపాలున్నాయి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజుల గడువుండాలి. ముసాయిదా నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. సారాంశం 30 రోజుల ముందే అందుబాటులో ఉండాల్సిందేనని ఢిల్లీ హైకోర్టు 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో చెప్పింది. ఫిర్యాదులో ‘తెలుగు సారాంశం లేదు’ అనే రాయండి. మొత్తం నివేదిక తెలుగులో కావాలంటే తోసిపుచ్చుతారు. ఈ రెండు లోపాలూ రాసి, కొత్త తేదీ కోరుతూ కలెక్టరుకూ, కాలుష్య నియంత్రణ మండలికీ సభకు ముందే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి.

అయినా సభ జరిపితే వెళ్లి మాట్లాడండి, అదే విషయం రాతపూర్వకంగానూ ఇవ్వండి. ‘రోడ్డు వద్దు’ అన్న ఒక్క మాటకు ప్రాజెక్టును పరిశీలించే నిపుణుల కమిటీ దగ్గర పెద్దగా విలువ ఉండదు. ఫలానా సర్వే నంబరులో చెరువుకు నీరొచ్చే కాలువ ఉంది, నివేదిక ఫలానా పేజీలో అక్కడ కల్వర్టు చూపలేదు, రోడ్డు కట్ట అడ్డుపడి పైపొలాలు మునుగుతాయి అని రాస్తే రోడ్డు వేసే సంస్థ తుది నివేదికలో జవాబివ్వాల్సిందే. సభ చివర అక్కడ జరిగిన చర్చ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. మీ మాట వదిలేస్తే అక్కడే లేచి చెప్పండి, వీడియో తీయిస్తారు కాబట్టి రికార్డవుతుంది.

పరిహారం గొడవ ఇక్కడ తేలదు. భూసేకరణపై అభ్యంతరాలు వేరే దారి: జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన) వచ్చాక 21 రోజుల్లో సెక్షన్ 3సీ కింద ఇవ్వాలి. సభలో చెప్పాం కదా అని ఊరుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

అనుమతి వచ్చేస్తే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో అప్పీలు వేయాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజుల వరకు మన్నించవచ్చు, ఆపైన కుదరదు. పరిహారం కోరని అప్పీలుకు ఫీజు వెయ్యి రూపాయలు. అందుకే పర్యావరణ అనుమతుల వివరాలుండే పరివేష్ పోర్టల్‌నూ, స్థానిక పత్రికలనూ వారం వారం చూస్తుండండి.